95 డిగ్రీలు చూసి లిక్విడ్ కూలర్ కొనేయకండి, ముందు గది వేడి లెక్క తీయండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. బీటెక్ అయిపోయి ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. జీతంలో దాచుకున్న డబ్బుతో మొదటిసారి గేమింగ్ పీసీ కట్టుకున్నాను. రైజెన్ 5 7600ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, ఒక టవర్ ఉన్న ఎయిర్ కూలర్, ముందంతా గాజు ఉన్న కేబినెట్. కొన్ని పార్టులు చెన్నై రిచీ స్ట్రీట్‌లో తెచ్చుకున్నాం, మిగతావి ఆన్‌లైన్‌లో. వీడియోలు చూస్తూ నేనూ మా తమ్ముడూ బిగించాం. మా గది మేడ మీద. పీసీని కంప్యూటర్ టేబుల్ కింద అరలో పెట్టాం. ఊరికే ఉంటే 50 డిగ్రీలు, గేమ్ ఆడితే 84 నుంచి 88, సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రాం పెడితే అర నిమిషంలో 95 చూపిస్తోంది. షాపాయన లిక్విడ్ కూలర్ వేయించుకోమంటున్నాడు. తమ్ముడేమో పక్క డోర్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెడదామంటాడు. మా నాయన రోజూ "ఏం కాలిపోదు కదా?" అని అడుగుతున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ముందు మీ నాయనకు ధైర్యం చెప్పండి. ఏమీ కాలిపోదు. 7600ఎక్స్‌కు కంపెనీ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 95 డిగ్రీలు. 2022లో ఈ 7000 సిరీస్ విడుదలైనప్పుడే తయారీ కంపెనీ ఏఎండీ ఈ సంగతి చెప్పింది. బరువైన పని పడితే ఈ చిప్‌లు 95 దాకా వెళ్లి అక్కడే నిలబడి పనిచేసేలా తయారయ్యాయి, అలా నడిచినంత మాత్రాన పాడవవు. 95 తగలగానే ప్రాసెసర్ తనంతట తానే వోల్టేజీ, వేగం కొంచెం తగ్గించుకుని ఆ గీత దాటకుండా చూసుకుంటుంది. అందుకని సినీబెంచ్‌లో వచ్చిన 95 గురించి ఈ రోజు నుంచే బెంగ మానేయండి.

నన్ను ఆలోచింపజేసింది మీరు మధ్యలో రాసిన అంకె. గేమ్‌లో 84 నుంచి 88. సినీబెంచ్ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఆరు భాగాలనూ, అంటే ఆరు కోర్లనూ, ఒకేసారి పిండేస్తుంది. గేమ్ అలా పిండదు. సినీబెంచ్‌లో ఈ ప్రాసెసర్‌కు 142 వాట్ల దాకా తాగే అనుమతి ఉంది. గేమ్‌లో సాధారణంగా దాంట్లో సగానికి అటూ ఇటూగా తాగుతుంది. సగం కరెంటుతో కూడా 88కి వెళ్తోందంటే ఆ వేడి బయటికి పోవడానికి దారి సరిగా లేదని అర్థం. మనం వెతకాల్సింది ఆ దారిని.

దానికంటే ముందు గది లెక్క చూడాలి. ఎంత ఖరీదైన కూలరైనా, గాలిదైనా నీళ్లదైనా, ప్రాసెసర్‌ను గది వేడి కంటే చల్లగా చేయలేదు. అది చేసేదల్లా గది వేడికీ చిప్ వేడికీ మధ్య తేడాను తగ్గించడం. ఒకే పనికి, ఒకే వాట్లకు, ఆ తేడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అంటే 24 డిగ్రీల గదిలో 70 చూపించే ప్రాసెసర్, అదే గేమ్‌కు 38 డిగ్రీల గదిలో 84 చూపిస్తుంది. ప్రాసెసర్‌లో ఏ తప్పూ ఉండదు. మీరు చూసే రివ్యూ వీడియోలు ఎక్కువగా ఏసీ గదుల్లో, 21 నుంచి 25 డిగ్రీల మధ్య తీసినవి. వాళ్ల అంకెలను మే నెల తిరుపతితో పోల్చుకుని బాధపడటంలో అర్థం లేదు. మన దగ్గర ఎండాకాలం బయట 40 దాటుతుంది. మేడ మీది గదంటే ఇక చెప్పనక్కర్లేదు. పగలంతా ఎండలో కాగిన స్లాబ్ రాత్రి పదింటికి కూడా వేడి దించుతూనే ఉంటుంది. మీరు ఆఫీసు నుంచి వచ్చి గేమ్ మొదలుపెట్టేది సరిగ్గా ఆ వేళకే కదా.

కాబట్టి మొదట కొనాల్సిన వస్తువు గోడకు తగిలించే చిన్న థర్మామీటర్. పీసీ ముందు భాగం దగ్గర, గాలి లోపలికి వెళ్లే చోట పెట్టండి. ఇక నుంచి ప్రాసెసర్ ఎంతుందో చూసిన ప్రతిసారీ గది ఎంతుందో కూడా పక్కనే రాసుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే ఉష్ణోగ్రతతో పాటు వాట్లు, వేగం (గిగాహెర్ట్జ్) కూడా కనిపిస్తాయి. ఈ మూడూ కలిపి చూడాలి. ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. 95 దగ్గర ఉండి కూడా 5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల నడుస్తుంటే మీ కూలర్ తన పని తాను చేస్తున్నట్టే. ఈ చిప్‌కు కంపెనీ చెప్పిన బేస్ వేగం 4.7, గరిష్ఠం 5.3. సినీబెంచ్‌లో 4.7 కంటే కిందికి జారిపోతుంటే మాత్రం బిగింపులో ఎక్కడో లోపం ఉంది. ఊరికే ఉన్నప్పుడు 50 అన్నారు కదా, మేడ మీది గదిలో ఈ సిరీస్‌కు అది మామూలే. బ్రౌజర్ తెరవగానే ఒక్కసారి 65కి ఎగిరి మళ్లీ దిగుతుంది. అది కూడా మామూలే, ఒక కోర్ క్షణం పాటు పూర్తి వేగానికి వెళ్లి వస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లకు ఫ్యాన్ కూడా రయ్‌మని అరిచి ఊరుకుంటుంటే, బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల స్క్రీన్) ఫ్యాన్ సెట్టింగులకు వెళ్లి వేగం పెరిగే ముందు కొన్ని సెకన్లు ఆగేలా పెట్టుకోండి.

ఇప్పుడు మీ తమ్ముడి ఐడియా. పక్క డోర్ తీసి పెట్టడం పరీక్షగా చాలా మంచిది, అలవాటుగా మంచిది కాదు. పరీక్ష ఇలా చేయండి. డోర్ మూసి ఒక గేమ్‌లో ఒకే సన్నివేశం దగ్గర ఇరవై నిమిషాలు ఆడి అంకె రాసుకోండి. తర్వాత పీసీని టేబుల్ అరలోంచి బయటికి తీసి, డోర్ మూసే ఉంచి, మళ్లీ అదే ఆడండి. మూడోసారి డోర్ తీసేసి ఆడండి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య బాగా తగ్గితే దోషం టేబుల్ అరది. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎనిమిది, పది డిగ్రీలు తగ్గితే దోషం కేబినెట్ గాలిది. మూడుసార్లూ ఒకేలా ఉంటే దోషం కూలర్ బిగింపులో ఉంది. ఏ పార్టుకూ పైసా పెట్టకుండానే ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది.

నా అనుమానం మొదటి రెండింటి మీద. మన కంప్యూటర్ టేబుళ్లలో సీపీయూ కోసం చేసే అర మూడు వైపులా చెక్కతో మూసి ఉంటుంది. వెనక వైర్లకు ఒక చిన్న రంధ్రం, ఆ వెనక గోడ. పీసీ వెనక నుంచి బయటికి వచ్చిన వేడి గాలి గోడకు కొట్టుకుని, అరలోనే తిరిగి, మళ్లీ ముందు నుంచి లోపలికి పోతుంది. అంటే మీ ప్రాసెసర్‌కు గది గాలి కూడా అందడం లేదు, తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటోంది. పీసీని టేబుల్ మీదకో, పక్కన చిన్న స్టూల్ మీదకో మార్చండి. వెనక గోడకు జానెడు దూరం ఉంచండి. నేల మీద మాత్రం పెట్టొద్దు, ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా ఫ్యాన్లలోకి పోతుంది.

రెండోది ఆ గాజు ముందు భాగం. చూడటానికి అందంగానే ఉంటుంది, కానీ ముందున్న ఫ్యాన్లు గాలి పీల్చుకోవాల్సింది పక్కన ఉన్న సన్నని సందులోంచి. చిన్న టిష్యూ ముక్క తీసుకుని ఆ సందు దగ్గర పెట్టి చూడండి. గాలి బాగా లాగుతుంటే అది అతుక్కుపోతుంది. ఊరికే వేలాడుతుంటే గాలి చాలడం లేదు. వెనక ఫ్యాన్ దగ్గర పెడితే అది బయటికి ఎగరాలి. ఎగరకుండా లోపలికి లాగితే ఫ్యాన్ తిరగేసి బిగించారన్నమాట. మొదటిసారి కట్టినవాళ్ల దగ్గర ఇది చాలా తరచుగా కనిపిస్తుంది. ఫ్యాన్‌ను చేతిలోకి తీసుకుని చూస్తే, మధ్యలో మోటారును పట్టుకుని ప్లాస్టిక్ కాళ్లు కనిపించే వైపు ఒకటుంటుంది. గాలి బయటికి వచ్చేది ఆ వైపు నుంచే. కూలర్ టవర్‌కున్న ఫ్యాన్‌కూ ఇదే గుర్తు. అది ర్యామ్ వైపు నుంచి గాలి తీసుకుని టవర్ గుండా కేబినెట్ వెనకవైపుకు నెట్టాలి. ముందు ఫ్యాన్లు లోపలికి, వెనకదీ పైదీ బయటికి. ఇంతకు మించి వింత అమరికలేవీ అక్కర్లేదు. మీ కేబినెట్ ముందు గాజు ఊడి వచ్చే రకమైతే, ఎండాకాలం నాలుగు నెలలూ తీసేసి దోమల మెష్‌లాంటి సన్నని జాలీ పెట్టుకోవచ్చు. అందం కొంచెం పోతుంది. అయినా నేనైతే ఆ పనే చేస్తాను.

గ్రాఫిక్స్ కార్డును కూడా మర్చిపోకండి. 4060 నిండా పనిచేస్తే 115 వాట్లు తీసుకుంటుంది, అదంతా వేడిగా మారి ఎక్కువ భాగం కేబినెట్ లోపలే పడుతుంది. వేడి పైకే పోతుంది కాబట్టి ఆ గాలిలో కొంత నేరుగా ప్రాసెసర్ కూలర్‌లోకి వెళ్తుంది. గేమ్‌లో తక్కువ వాట్లకే ప్రాసెసర్ అంత కాగడానికి ఇదొక కారణం. ఇక్కడ ఒక సులువైన పని ఉంది. మీ మానిటర్ 144 హెర్ట్జ్‌ది అనుకుందాం, గేమ్‌లో ఫ్రేములు 144కు మించకుండా లిమిట్ పెట్టండి. లిమిట్ లేకపోతే కొన్ని గేములు మెనూ స్క్రీన్ దగ్గర కూడా మూడు నాలుగు వందల ఫ్రేములు గీస్తూ కూర్చుంటాయి. మీ కంటికి కనిపించని ఆ ఫ్రేముల కోసం ప్రాసెసరూ, కార్డూ రెండూ కాగుతుంటాయి.

ఇక కూలర్ బిగింపు సంగతి. మూడు పరీక్షల్లోనూ అంకె కదలకపోతేనే ఇది విప్పండి. విప్పే ముందు పది నిమిషాలు ఏదైనా గేమ్ నడిపి ఆపండి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించడానికి పూసే పేస్ట్ కాస్త వేడెక్కి మెత్తబడితే కూలర్ సులువుగా వస్తుంది. పవర్ పూర్తిగా తీసేశాక, లాగకుండా కుడికీ ఎడమకీ కొద్దిగా తిప్పుతూ తీయండి. మీ బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎమ్5 రకం కాబట్టి ప్రాసెసర్ కూలర్‌తో పాటు ఊడి రాదు, పైన లోహపు ఫ్రేమ్ దాన్ని గట్టిగా పట్టి ఉంచుతుంది. కూలర్ అడుగు భాగం చూడండి. పారదర్శకంగా ఒక సన్నని ప్లాస్టిక్ పొర, దాని మీద బిగించే ముందు తీసేయమని రాసి ఉంటుంది. చాలామంది ఆ పొర మీదే పేస్ట్ పూసి బిగించేస్తారు. మీది అలా ఉంటే మొత్తం కథ అక్కడే తేలిపోయినట్టు. పొర లేకపోతే పేస్ట్ ఎలా పరుచుకుందో చూడండి. అంతటా సన్నగా, సమంగా ఉండాలి. ఒక మూల మందంగా, ఇంకో మూల ఖాళీగా ఉంటే స్క్రూలు ఒకవైపే ముందు బిగించేశారని అర్థం. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడవండి. కొత్త పేస్ట్ మధ్యలో బఠాణీ గింజంత పెట్టండి. ఈ ప్రాసెసర్ పైమూత అంచుల్లో అక్కడక్కడా కత్తిరించినట్టు ఖాళీలుంటాయి, ఎక్కువ పెడితే పేస్ట్ వాటిలోకి కారుతుంది. కారినా మామూలు పేస్ట్‌తో ప్రమాదం లేదు, శుభ్రం చేసుకోవడమే తలనొప్పి. స్క్రూలు ఒకదానికి రెండు చుట్లు, ఎదురుదానికి రెండు చుట్లు, ఇలా మార్చి మార్చి బిగించండి. కూలర్ ఫ్యాన్ వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన పిన్నులకే వెళ్లిందా లేదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

ఇవన్నీ చేశాక, లేదా ఇవేవీ చేసే ఓపిక లేకపోయినా, ఒక్క పని తప్పకుండా చేయండి. బయోస్‌లో ఈకో మోడ్, అంటే ప్రాసెసర్ తాగే కరెంటుకు హద్దు పెట్టే సెట్టింగ్, ఆన్ చేయండి. పీసీ ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కితే బయోస్ వస్తుంది. ఒక్కో కంపెనీ బోర్డులో ఒక్కో చోట ఉంటుంది, ఎక్కువగా పీబీవో (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) మెనూ దగ్గరలో. 65 వాట్ల ఈకో మోడ్ ఎంచుకుంటే ప్రాసెసర్ గరిష్ఠంగా తీసుకునే కరెంటు 142 వాట్ల నుంచి 88 వాట్లకు దిగుతుంది. ఆరు కోర్లూ పనిచేసే రెండరింగ్ లాంటి పనుల్లో వేగం కొంచెం తగ్గుతుంది. గేమ్ ఎలాగూ అంత కరెంటు అడగదు కాబట్టి అక్కడ తేడా మీకు తెలియదు. సినీబెంచ్‌లో వేడి మాత్రం బాగా దిగుతుంది. కారణం ఏంటంటే, ఈ చిప్‌ను ఆఖరి రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ కోసం కంపెనీ చాలా ఎక్కువ వోల్టేజీతో తోలుతోంది. ఆ చివరి కొసరు వేగానికే కరెంటంతా ఖర్చవుతోంది. 2023 జనవరిలో వచ్చిన మామూలు 7600 కూడా ఇవే ఆరు కోర్లతో, ఇదే 88 వాట్ల హద్దుతో, డబ్బాలో వచ్చే చిన్న కూలర్‌తోనే నడుస్తుంది.

కర్వ్ ఆప్టిమైజర్ అని ఇంకొక సెట్టింగ్ గురించి మీరు వీడియోల్లో వినే ఉంటారు. వోల్టేజీని మెట్లు మెట్లుగా తగ్గించేది. బాగా పనిచేస్తుంది, కాదనను. కానీ ఎక్కువ తగ్గిస్తే పీసీ గేమ్‌లో బాగానే ఉండి, ఊరికే ఉన్నప్పుడు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది, కారణం దొరక్క తల పట్టుకుంటారు. పైగా అది ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ హద్దులు దాటించి నడపడం) కింద లెక్క, వారంటీ దగ్గర పేచీ రావచ్చు. మొదటి పీసీ మీద దాని జోలికి వెళ్లొద్దు. బయోస్ పాతదైతే మాత్రం అప్‌డేట్ చేసుకోండి. 2023 వేసవిలో వచ్చిన అప్‌డేట్లలో ఈ ప్లాట్‌ఫామ్‌కు ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో ర్యామ్‌తో మాట్లాడే భాగానికి వెళ్లేది) 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేశారు. ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేసేవాళ్లకు అది అవసరం. గాలివాన వచ్చేలా ఉన్న సాయంత్రం మాత్రం ఆ పని పెట్టుకోకండి, బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు.

గది గురించి ఇంకో రెండు మాటలు. గేమ్ ఆడుతున్నంతసేపూ మీ పీసీ రెండు వందల పైచిలుకు వాట్ల వేడిని గదిలోకి వదులుతుంది. తలుపులు, కిటికీలు మూసి ఆడితే గంటలో గది ఇంకా వేడెక్కుతుంది, ఆ గాలే మళ్లీ పీసీలోకి. ఏసీ లేకపోతే సాయంత్రం ఆరు దాటాక ఎదురెదురు కిటికీలు తెరిచి ఆడండి. ఎండాకాలం గది చల్లబడటానికి నీళ్ల కూలర్ వాడితే దాని గాలి నేరుగా పీసీకి కొట్టకుండా పెట్టండి. బోరు నీళ్ల తుంపర, లోపలి దుమ్ము కలిస్తే కూలర్ టవర్ రేకుల (ఫిన్‌ల) మధ్య బంకలా పట్టేస్తుంది. డోర్ తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం వద్దన్నదీ కొంత ఇందుకే. దుమ్ముతో పాటు చీమలు, బల్లులు కూడా వెచ్చటి చోటు వెతుక్కుంటూ వస్తాయి. అగరుబత్తీలు, దోమల చక్రాలు పీసీ దగ్గర వెలిగించకండి, ఆ పొగ జిడ్డు మీద దుమ్ము త్వరగా అతుక్కుంటుంది. నెలకోసారి ఫిల్టర్లు కడిగి ఆరబెట్టండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, గాలికి అవి విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. మీ నాయనకు వీలైతే ఈ ఏడాది మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ గానీ, సున్నం గానీ వేయించమనండి. మీరు పడుకునే గది కూడా అదే కదా, పీసీ కంటే ముందు మీకు సుఖం.

లిక్విడ్ కూలర్ విషయం. షాపాయన చెడ్డ సలహా ఇచ్చాడని నేననను, పెద్ద ప్రాసెసర్లకు అది పనికొస్తుంది. మీ చిప్‌కు వచ్చిన ఇబ్బంది వేరు. ఆరు కోర్లూ ఉన్న ముక్క వేలి గోరంత కూడా ఉండదు, వేడంతా అంత చిన్న చోటు నుంచి పైకి రావాలి. పాత ఏఎమ్4 సాకెట్ కూలర్లు దీనికీ సరిపోవాలని పైన లోహపు మూతను మందంగా చేశారు. వేడికి అడ్డం పడేది ఎక్కువగా అక్కడే, కూలర్ దాకా రాకముందే. అందుకే వేలకు వేలు పోసి లిక్విడ్ కూలర్ పెట్టినా, అవే వాట్ల దగ్గర మీకు దక్కేది కొద్ది డిగ్రీలే. ఈకో మోడ్ ఉచితంగా ఇచ్చేది అంతకంటే ఎక్కువ. ఆ డబ్బు పక్కన పెట్టి ఉంటే, మీ పవర్ సప్లైకి సరిపడే మంచి యూపీఎస్ తీసుకోండి. వేసవి గాలివానల్లో కరెంటు పోయి వచ్చే దెబ్బలు 95 డిగ్రీల కంటే మీ పీసీకి ఎక్కువ హాని చేస్తాయి.

భయపడాల్సిన గుర్తులు మూడే. గేమ్ మధ్యలో హెచ్చరిక లేకుండా పీసీ ఆగిపోవడం, బయోస్ స్క్రీన్‌లో ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడే ఉష్ణోగ్రత 80, 90కి ఎక్కడం, పవర్ సప్లై దగ్గర కాలిన వాసన రావడం. ఇందులో ఏది కనిపించినా ప్లగ్ తీసేసి, బిల్లు తీసుకుని వారంటీకి వెళ్లండి. అలాంటిదేమీ లేకపోతే ఈ ఆదివారం పీసీని అరలోంచి బయటికి తీయండి, ఈకో మోడ్ పెట్టండి, గది వేడితో సహా కొత్త అంకెలు రాసి పంపండి. గేమ్‌లో గది కంటే 40 డిగ్రీలకు మించి తేడా ఇంకా ఉంటే, ఫ్యాన్లు కనిపించేలా కేబినెట్ ఫోటో కూడా జతచేయండి, చూసి చెబుతాను.